తొలికోత

హలో… ఎవురికేమైంది? … ఆ, నేనే, జెస్సీ వాళ్లమ్మ తాయమ్మను. ఫోన్ మోగితే నాకు ముందు ఆస్పత్రే గుర్తుకొస్తాది.

… ఎవురు? తిరుపతి మెస్సు ధర్మేంద్రవా?

… ఏం కావాల? … పుట్టగొడుగులా? మావా?

… రేపు పెళ్లి భోజనమా. పుట్టగొడుగు బిరియానీకి ఒప్పుకున్నావా. పాపం.

… ఇంకెవురి కాడా ఉండవులే. ఈ ఎండలకు అందరి షెడ్లూ ఎండిపోయినాయి. మేం గోనెపట్టలు కట్టి తడుపుతా ఉండాం. విరగకాసినాయి.

… మావి విషం గదా నాయనా? కుళ్లిన చెత్త మీద పెంచుతారు, తిన్నోళ్లు కక్కుకున్నారు అని బజారంతా చెప్పింది నువ్వే గదా.

… మర్చిపోయేదా? ఒక్కరు కొనలేదు. బుట్టలకు బుట్టలు ఎరువు గుంతలో పోసినాం. ఆపొద్దు నుంచి మా పాప జెస్సీ పని ఆపలేదు, మాట ఆపేసింది. ఏం చేసుకుంటాదో అని బావి కాడికి కూడా ఎనకాలే పోతా ఉండాను.

… ఆ, చెత్తే. వరిగడ్డి, చెరుకు పిప్పి. డ్రమ్ములో ఉడకబెట్టి, ఆరబోసి, అప్పుడు బ్యాగులకెత్తుతాది. నీ మెస్సులో గిన్నెలైనా అంత ఉడుకునీళ్లు సూసినాయా?

… నాకెట్ల తెలుసా? తొలికోత ఎప్పుడూ నేనే వండుకొని తింటాను. భయం నాకు. రాత్రంతా కడుపు పట్టుకొని ప్రార్థన చేస్తాను. తెల్లారి నేను లేస్తేనే పాపను అమ్మనిస్తాను. నీకు పంపిన కోత కూడా తిన్నాను. మాట్లాడతా ఉండాను గదా?

… మరి నువ్వేం చేసినావు? … కడిగినవి తడి మీదనే ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి పెట్టినావు. జిగురు పట్టినాక వండినావు. మీ వంటామె మోహన చెప్పింది. మేం చెప్తే ఎవురు నమ్ముతారు, అమ్ముకునేవాళ్లం?

… దుడ్డు మాట ఎత్తొద్దు, నీ రూపాయలు మాకొద్దు. ఫోన్ స్పీకర్లో పెడతాను. ఈడ షెడ్డులో గడ్డి తరిగే ఆడోళ్లందరూ ఉండారు. పాపా ఉండాది. జరిగింది నీ నోటితో చెప్పు. సాయంత్రానికి వీళ్లే బజారుకు చేరుస్తారు.

… నేనిస్తానని యాడ చెప్పినాను? పంట పాపది. ఆమె ఇయ్యమంటే ఇస్తాం.

… పెట్టినాను. చెప్పు.

… ఇనపడలేదు. కవర్లో మగ్గబెట్టింది ఎవురు?

… నువ్వు. ఆ కూర వడ్డించింది?

… నువ్వే. విషమని మా మీదికి తోసింది?

… దగ్గొస్తా ఉండాదే. నీళ్లు తాగు.

జెస్సీ… ఇన్నావా అమ్మా? రేపటికి కావాలంట. కోసి ఇద్దామా?

…

గమ్మునుండు ధర్మేంద్రా. ఆలోచించుకోనీ.

…

…

ఏమన్నావమ్మా? … ఇంకోసారి అను. ఎన్నాళ్లయింది నీ గొంతు ఇని.

… ఇన్నావు గదా ధర్మేంద్రా? ఎరువు గుంతలోనైనా పోస్తాదంట, నీకు మాత్రం ఇయ్యదంట.

పెట్టేస్తా ఉండాను.