పురుగుల ఇంట్లో గిటారు

రా అబ్బా, రా. ఆ కుర్చీలో కూసోవద్దు, దాని కాలు వదులైండాది, ఈ మంచం మీద కూసో. కోపంతో పిలిచినాననుకున్యావా ఏమి? నీ మొగం చూస్తేనే తెలుస్తాంది. పైన రూములో ఆ గిటారు పట్టుకొని పొద్దన్నుంచి ఒకే ముక్కను గీకతాండావు కదా, ఇంటాయన ఖాళీ చెయ్యమంటాడేమో అని భయపడినట్లుండావు. అదేం లేదప్పా, నువ్వు గీకు. ఎర్రమంచి ఫ్యాక్టరీలో దినామూ ఆ మిషన్ల మోత వినేటోనికి చెవులకు ఏదో ఒకటి కావాల కదా. నేనడిగేది ఏమంటే, దాన్నంతా ఫోన్లోనే రికార్డింగు చేస్తావంట కదా? యాడ, ఆ రూములో కూసోనేనా? స్టూడియో గీడియో ఏమీ లేకుండానే? ఆహా. నీకొక సంగతి చెప్పేదా? నువ్వు దినామూ బండి పెడ్తావే పెరట్లో, ఆ రేకుల కొట్టం, దాంట్లో కూడా రికార్డింగు చేసినారప్పా. నవ్వద్దు. ఇంగ్లీషు రాక్ పాట. నువ్వు అప్పటికి పుట్టింటావో లేదో. అప్పుడది బండ్లు పెట్టే కొట్టం కాదు, పురుగులిల్లు. మా తిప్పమ్మ రాజ్యం అది.

తిప్పమ్మంటే నా పెండ్లామప్పా. నువ్వు చూళ్లేదు, నువ్వు మా ఇంటికి రాకముందే, శానా ఏండ్ల కిందటే పాయె. ఆయమ్మ నోరు ఎట్లాంటిదంటే, ఆయమ్మ ఉన్నన్నాళ్లూ మా వీధిలో ఎవురికీ రేడియో అవసరం లేకుండె. పొద్దున లేస్తే పొయ్యితో మాట్లాడేది, బర్రెతో మాట్లాడేది, పెనుకొండ బస్సు ఇంటి ముందర రవ్వంత ఆగితే డ్రైవరుతో వాళ్లింటి సంగతులన్నీ మాట్లాడేది. పెండ్లైన కొత్తల్లో నాకు విసుగొచ్చి, కొంచేపు గమ్మునుండరాదా అంటే, గమ్మునుండేదానికి నేనేమన్నా బండరాయినా అని అడిగె. ఇంగ పురుగులతో అయితే చెప్పనే వద్దు. పట్టుపురుగులప్పా, మల్బరీ ఆకు తిని గూళ్లు కట్టేవి. మీ అగళి పక్క కూడా మేపుతారు కదా, నీకు తెల్సుంటాది. పురుగు నాలుగు తూర్లు జ్వరం పడి లేస్తాది. జ్వరమంటే నిజం జ్వరం కాదు, తిండి మానేసి, తల పైకెత్తి, పొర విడిచేది. నాలుగో జ్వరం లేసినాక ఇంగ దాని ఆకలికి పట్టపగ్గాలుండవు, ఆకు పరస్తానే ఉండాల. అప్పుడు ఆ కొట్టంలో నిలబడితే, అన్నీ కలిసి తినే చప్పుడు రేకుల మీద వాన పడినట్లు వినపడ్తాది. మా తిప్పమ్మ ఆకు పరస్తా, తినండమ్మా, ఈ పక్క లేతాకుండాది, ఆ మూలోల్లు ఏమే అలిగినారా అని ఒక్కో తట్టకు ఒక్కో మాట చెప్పేది. మాట వింటేనే పురుగు కడుపు నిండా తింటాదని ఆయమ్మ నమ్మకం. పెండ్లికి ముందు పుట్టింట్లో ఒకసారి గొంతు పట్టేసి మాట రాలేదంట, ఆ పంటకు గూళ్లు పల్చగా వచ్చినాయంట. ఆకు ముదిరింటాదిలేవే, దాన్తోనే అట్లాయె అని నేను ఎంత చెప్పినా వినలేదు.

సరే, ఆ పాట సంగతికొస్తా. వేణు అని మా తిప్పమ్మ చెల్లెలి కొడుకు, ధర్మవరంలో పెండ్లిండ్లకు బ్యాండు కొట్టేవాళ్ల దగ్గర డ్రమ్ము నేర్చుకున్యాడు. ఇమ్మానుయేలు అని పెనుకొండ చర్చిలో పాడేవాడు ఒకడు, వాని గొంతుకు మైకుతో పని లేదు. ఇంగ మసూద్. హిందూపురంలో వాళ్లన్నకు గడియారాల అంగడి. ఆ అంగట్లో కూసోని వాచీలు రిపేరు చెయ్యాల్సినోడు, గిటారు గీకతాండె. మామూలు కట్టె గిటారుకు ఏదో మైకు ముక్క అంటించి, దాని వైరు ఒక పాత రేడియోకు తగిలించినాడు. ఆ రేడియోలో స్పీకరు చినిగిపోయిండె, తీగ మీటితే లారీ గేరు మార్చినట్లు గర్రుమనేది. వాచీలు రిపేరు చేసేవానివి, దాన్ని బాగు చేసుకోరాదా అంటే, వద్దు పెద్దనాయనా, రాక్ పాటకు ఆ గర్రే కావాల అనేవాడు. వేణు వరసలో నన్ను వాడూ పెద్దనాయనా అనే పిల్చేది, తిప్పమ్మను పెద్దమ్మా అనేది.

ఆ పాట వాళ్లు నేర్చుకున్యదే ఒక కథ. బెంగళూరు నుంచి తెచ్చిన క్యాసెట్టు. మా అరుగు మీద టేపురికార్డరు పెట్టుకొని రవ్వంత వినేది, ఆపేది, వెనక్కి తిప్పేది, మీటేది. మా ఊర్లో కరెంటు నిలకడగా యాడుండె అప్పుడు, అంతా బ్యాటరీ సెల్లులతోనే. సెల్లు నీరసపడితే కొత్తవి కొంటారా అంటే కొనరు, ఎండలో పెట్టి మళ్లీ వేసేది. సెల్లులో సత్తువ లేకుంటే టేపు మెల్లగా తిరుగుతాది కదా, పాట కూడా మెల్లగా, గొంతు బొంగురుగా వస్తాది. వీళ్లు దాన్నే నేర్చుకొనిరి, నెలల తరబడి. ఇమ్మానుయేలు ఆ బొంగురు గొంతునే పట్టుకున్యాడు. కడాకు ఒకనాడు హిందూపురంలో మసూద్ అంగట్లో మంచి కరెంటుకు పెట్టి వింటే, ఆ పాట తరుముకొచ్చినట్లు పోతాండాదంట. ముగ్గురూ మొగమొగాలు చూసుకున్యారంట. మార్చుకుందామని చూసిరి గానీ చేతులు ఆ మెల్లనికి అలవాటు పడిపోయి రాకపాయె. పోనీలే, మన పాట ఇట్లే అనుకొనిరి.

అప్పుడే మసూద్‌కు బెంగళూరు నుంచి కబురొచ్చె. ఆడ ఒక పెద్ద హోటల్లో సాయంత్రం పూట ఇంగ్లీషు పాటలు వాయించే గుంపుండాదంట, వాళ్ల గిటారోడు మానేసినాడంట, నీ వాయించేది క్యాసెట్టులో పట్టి పంపు, నచ్చితే పిలుస్తాం అన్యారంట. వాళ్లన్న ఒకటే మాట చెప్పినాడు. వాళ్లు పిలిస్తే పో, పిలవకుంటే గిటారు అమ్మేసి అంగట్లో కూసో, ఇంగ జన్మలో దాని ఊసెత్తద్దు అని. మసూద్ సరేనని మాటిచ్చినాడు. ఇంగ యాడ పట్టాల ఆ పాట? అంగడి ముందర బస్టాండు, హారన్లు. ఇమ్మానుయేలు ఇంటి పక్కన పిండి మిషను. ధర్మవరం పోతే ఇంటింటికీ మగ్గం మోత. కడాకు మా పురుగులిల్లే దిక్కాయె. ఎండాకాలం చల్లగుండాలని చుట్టూ గోనెపట్టాలు తడిపి కట్టింటాం కదా, బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలిది మోగదు. నేను వద్దంటి. నాలుగో జ్వరం లేసిన పురుగప్పా, ఇంగ రెండు మూడు దినాల్లో గూడు కడ్తాది, ఇప్పుడు డ్రమ్ము కొడితే పంటంతా గంగలో కలుస్తాది అని అరిస్తి. మా తిప్పమ్మ నన్ను చూడను కూడా చూళ్లేదు. మసూద్‌నే చూసి, "గిటారు నిజంగా అమ్మేయమన్యాడా మీ అన్న?" అని అడిగె. వాడు తలూపినాడు. అయితే రేపే రాండి అనె.

రూల్సు మాత్రం గట్టిగా పెట్టె. బీడీ, సిగరెట్టు తాగినోడు లోపలికి రాకూడదు, పొగాకు వాసన తగిలితే పురుగు చస్తాది. అత్తరు పనికిరాదు, వాసన నూనె పనికిరాదు. మసూద్ ఎప్పుడూ అత్తరు పూసుకొని పెండ్లికొడుకు మాదిరి వచ్చేవాడు. వాన్ని బోరు కింద కూసోబెట్టి బట్టల సబ్బుతో రుద్దించె. గడపలో నిలబడి ఒక్కొక్కని చొక్కా, చేతులు వాసన చూసి, బ్లీచింగు నీళ్లలో కాళ్లు కడిగించి లోపలికి తోలె. డ్రమ్ము మీద తడి గోనెపట్టా కప్పించె. దబ్ దబ్ మని, యాడో దూరంగా కందులు కొట్టినట్లుండె.

ఖాళీ క్యాసెట్టు ఒకటే ఉండె. మంచిది, బెంగళూరుది, దాంట్లోనే పట్టాల. తప్పు పోతే వెనక్కి తిప్పి దాని మీదనే మళ్లీ పట్టేది. తెల్లారి ప్యాసింజరుకు మసూద్ చిన్నాయన బెంగళూరు పోతాండాడు, ఆయన చేతికియ్యాల. మధ్యాన్నం మొదలుపెట్టిరి. పురుగుకు ఆకు ఆపేదానికి లేదు, కాబట్టి తిప్పమ్మ లోపలే, ఆయమ్మకు ఆకందించే కూలోన్ని నేనూ లోపలే. మొదటితూరి బాగా పోతాండాది, ఇమ్మానుయేలు గొంతెత్తినాడు, అంతలో మా ఆయమ్మ, ఒరే వేణూ, వీపు తట్టకు తగులుతాంది జరుగు అనె. ఆపిరి, వెనక్కి తిప్పిరి. ఆ పైతూరి ఇమ్మానుయేలుకు చెమటలు కారేది చూసి, పాపం గొంతెండిపోతాంది, నీళ్లు తాగి పాడరాదా నాయనా అనె. మళ్లీ తిప్పిరి. ఇంకోతూరి మనుషుల్ని ఏమీ అన్లేదు. తట్టల కాడ వంగి, తినండి తినండి, పాట వింటా కూసుంటే గూడెవురు కడతారు అని పురుగులతో చెప్పుకొంటాండె, అదీ టేపులో పడె. మసూద్ టేపు పెట్టి వింటే గిటారు కన్నా ఆయమ్మే గట్టిగుండాది. నాకైతే నవ్వాగలేదు. ఆ తర్వాత చూడు, మొత్తం పాట అయిపాయె, ఒక్క తప్పు లేదు. మసూద్ చివరి తీగ మీటి, ఆ మోత మెల్లగా అణగాలని కండ్లు మూసుకొని నిలబడినాడు. అప్పుడు "అయిపాయెనా?" అనె మా తిప్పమ్మ.

వేణుకు రోషమొచ్చి, పెద్దమ్మా నీ నోటికో దండం అని డ్రమ్ము పుల్లలు కింద పెట్టేసినాడు. నేను, బయటికి రావే, ఆకు నేను పరస్తాలే అంటి. నువ్వు పరిస్తే మందంగా పడ్తాది, కిందుండేటివి ఊపిరాడక చస్తాయి అని నన్నే తిట్టె. పొద్దు వాలతాండాది. టేపులో సెల్లులు కూడా నీరసపడె, ఇంగొక్క పాటకు వస్తే ఎక్కువ అన్యాడు మసూద్. వాడు ఏడ్వలేదు, ఏడ్చింటే బాగుండు అనిపించె నాకు. గిటారు పక్కన పెట్టి తిప్పమ్మ ముందరికొచ్చి నిలబడినాడు. "పెద్దమ్మా, ఈ ఒక్క పాట సేపు. నువ్వు మాట్లాడకుంటే పురుగు తినదని నీకు భయమని తెల్సు. అయినా అడుగుతాండా" అనె. ఆయమ్మ తట్టల వైపు చూసె, వాని వైపు చూసె. కొంగు చివర ఉండ చుట్టి నోట్లో కుక్కుకొనె. వాయించండి అని చేత్తో సైగ చేసె.

నేను పాట వినలేదు, ఆయమ్మనే చూస్తాంటి. బుగ్గలు ఉబ్బించుకొని, కండ్లు పెద్దవి చేసుకొని ఆకు పరస్తాంది. మధ్యలో వేణు చేతిలో పుల్ల జారబోయె, పట్టుకున్యాడు గానీ, తిట్టేదానికి ఆయమ్మ చెయ్యి పైకి లేసె. అట్లే ఆగె. మొగం ఎర్రగాయె. నేను పోయి ఆ చెయ్యి పట్టుకుంటి. ఇదేం సరసమన్నట్లు నన్నొక చూపు చూసి, ఆకందియ్యి అని సైగ చేసె. చివరి తీగ మోత అణిగి, మసూద్ టేపు ఆపి, అయిపాయె పెద్దమ్మా అన్నంక కూడా కొంచేపు కొంగు తీయలేదు. తీసినాక ఇంగ ఆపేదెవురు. ముందు పురుగులన్నిటినీ పలకరించె, ఆనెక మమ్మల్నందర్నీ వరసబెట్టి తిట్టె.

దేవుడు చూడు, ఎట్ల చేస్తాడో. నీరసపు సెల్లులతో నేర్చుకున్న పాట, నీరసపు సెల్లులతోనే పట్టిరి కదా. మెల్లగా తిరిగే టేపులో పట్టింది, బెంగళూరులో మంచి కరెంటుకు గబగబా తిరిగేటప్పటికి అది సరిగ్గా అసలు పాట ఎంత జోరుగా పోతాదో అంత జోరుగా పోయిందంట. ఇమ్మానుయేలు బొంగురు గొంతు కూడా గంటకొట్టినట్లు పలికిందంట. వాళ్లు మసూద్‌ను పిలిపించి, వాయించేది సరే, ఆ వాన చప్పుడు యాడ పట్టినారు, మీ పక్క వానే పడదు కదా అన్యారంట. పట్టుపురుగులు సార్ అంటే నమ్మలేదంట. ముందర కూసోబెట్టి వాయించమంటే మాత్రం, ఏమప్పా నిద్రొస్తాందా నీకు అన్యారంట. అయినా తీసుకున్యారు. జోరుగా వాయించేది ఆడ నేర్చుకున్యాడు. వాళ్లన్నే ఆ దినం అంగడి మూసేసి రైలెక్కించి వచ్చినాడు. మా పంట కూడా ఏం చెడిపోలేదు, గూళ్లు గట్టిగా వచ్చె. చూసినావా, నువ్వు మాట్లాడకున్యా తినినాయి అని నేను ఎగతాళి చేస్తే, మాట్లాడలేదని ఎవురు చెప్పె నీకు, నోట్లో కొంగుంటే ఏమి, పాటంతా లోపల లోపలే చెప్తానే ఉంటి అనె.

ఆయమ్మ పోయినప్పుడు మసూద్ వచ్చినాడు, అరుగు మీద కూసోని సొంత తల్లి పోయినట్లు ఏడ్చినాడు. దాచిపెట్టుకున్న ఆ క్యాసెట్టులోని పాటను వాడు నా ఫోన్లోకి ఎక్కించిచ్చింది మాత్రం మొన్నామధ్య. అప్పుడడిగితి వాన్ని. ముందు పట్టినవి ఏమన్నా ఉండాయా అబ్బా, వేణును జరగమన్యది, నీళ్లు తాగమన్యది, అయిపాయెనా అన్యది, ఏదో ఒకటి, రవ్వంత ముక్కైనా సరే అని. వాడు తల వంచుకొని, "అన్నీ దాని మీదనే పట్టినాం కదా పెద్దనాయనా, తుడుచుకొని పాయె" అనె. వాని తప్పేముండాది, ఒక్కటే క్యాసెట్టు. అన్ని మాటలు మాట్లాడిన మనిషి, అబ్బా, ఒక్క మాట లేదు నా దగ్గర. మా కాపురంలో ఆయమ్మ గమ్మునున్యది ఆ ఒక్క పాట సేపే, నాకు మిగిలింది ఆ పాటే. దినామూ పెట్టుకుంటా. ఆ వాన చప్పుడు మధ్యలో అప్పుడప్పుడు సర్రుమని ఇంకొక చప్పుడుంటాది, చెప్పకుంటే ఎవురికీ తెలీదు. ఆకు పరిచేది. అది ఆయమ్మ చెయ్యి.

లెయ్ లెయ్, కొళాయిలో నీళ్లొచ్చినాయి. ఆ బిందె ఇట్లియ్యి.