అన్నదమ్ములం

ఆగస్టు పదహారు పొద్దున్నే దివిసీమలో ఒక రొయ్యల చెరువు గట్టు మీద, తండ్రి పాడె మోస్తున్న కొడుక్కి సర్పంచి గారి బైకు అడ్డమొచ్చింది.

"ఆగండ్రా! ఈ గట్టు మీద శవాన్ని తీసుకెళ్ళడానికి వీల్లేదు."

"శ్మశానానికి దారి ఇదే కదండీ. మీరు చెరువు తవ్వకముందు నుంచీ ఇదేనండీ."

"రొయ్యలకి జబ్బు తగిలితేనో? దేశానికి డాలర్లు తెచ్చే సరుకురా అది. ప్రతివాడికీ కొంచెం బాధ్యతుండాలి."

"నిన్న జెండా దగ్గర మనమంతా అన్నదమ్ములం అన్నారు కదండీ, మైకులో."

"అన్నాను. అయితే మీ నాన్న పోయాడని నన్ను కూడా మైల పట్టమంటావేంట్రా?"

తన మాటకి తనే నవ్వుకున్నాడు సర్పంచి. కొడుకు నవ్వలేదు. బరువు ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"ఆ జెండా కర్రకి గుంట తవ్వింది మా నాన్నేనండీ. మొన్న ఎండలో తవ్వుతూ తవ్వుతూనే పడిపోయాడు. మళ్ళీ లేవలేదండీ."

సర్పంచి నవ్వు ఆగింది. పాడె వైపు చూశాడు. దారిస్తాడేమోనని కొడుకు ఒక అడుగు ముందుకేశాడు.

"ఓహో, అందుకా కర్ర పక్కకి ఒరిగింది! వెనక్కి వెళ్ళేటప్పుడు దాన్ని సరిచేసి పోండి. పారలు ఎటూ మీ దగ్గరే ఉన్నాయిగా."