సగం కోత

చూడవోయ్, ఆఫీసులో మళ్ళీ నా మీదే పడ్డారు! ఫోన్లలో, మిషన్లలో వేసే ఆ చిప్పులు చాలకపోతే నాదే తప్పు, మిగిలిపోతే నాదే తప్పు. ఒక చిప్పు తయారై బయటికి రావడానికి మూడు నెలలు పడుతుంది కదా, అందుకని ఏడాది చివరి సీజన్‌కి ఎన్ని కావాలో ఇవాళే చెప్పాలట. ఫ్యాక్టరీ ఎన్ని చేయగలదో నాకు తెలుసు. జనం ఎన్ని కొంటారో ఎవరికి తెలుసు? ఈసారి లెక్క తప్పితే కుర్చీ ఖాళీ చేయమన్నాడు మేనేజరు.

నవ్వకు. ఫోటోలో కూడా అదే నవ్వు!

నీకు అర్థమయ్యేలా చెబుతాను, విను. ఒక హాస్టల్లో వంటమనిషి ఉన్నాడనుకో. అడిగినన్ని రొట్టెలు చేయలేక అందరికీ సగమే పెట్టాడు. మర్నాడు ఏమైంది? రెండు కావలసినవాడు నాలుగు అడిగాడు. రెండు వచ్చాయి, కడుపు నిండింది. మూలన కూర్చున్న ఒక పిల్ల మాత్రం రెండే అడిగింది. దానికెన్ని వచ్చాయి? ఆఁ... ఒకటే.

మా దగ్గర కొనేవాళ్ళూ అంతే. సీజన్ వస్తోందంటే చాలు, దొరకవేమోనని ఆర్డర్లో రెట్టింపు రాస్తారు. నేను అందరికీ సగం కోసేస్తాను. పన్నెండేళ్ళుగా ఇదే పని.

పోయిన సీజన్‌లో చెవి మిషన్లు చేసే ఒకావిడ ఐదు వేలు అడిగింది. రెండున్నర వేలు పంపాను. నిన్న ఫోన్ చేసింది. తిట్టలేదోయ్, తిట్టినా బాగుండేది! "నాకు కావలసినన్నే రాశానండీ. ఎక్కువ రాయాలని ఎవరూ చెప్పలేదు" అంది.

అందుకే ఈసారి ఆవిడ ఐదు వేలూ కోయకుండా రాశాను. ఈవిడ ఒక్కర్తికే ఎందుకు కోయలేదని అడుగుతారు. ఏం చెప్పను? నీకు చెప్పినట్టు వాళ్ళకి చెప్పగలనా?

మూడేళ్ళ కిందట నువ్వు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశావు. "ఒక్కసారి వస్తారా, భయంగా ఉంది" అన్నావు. ఇన్నేళ్ళ కాపురంలో నువ్వెప్పుడైనా ఒకటికి రెండు అడిగావా? నేనేమో అలవాటు చొప్పున దాన్నీ సగానికి కోసేశాను. మరీ అంత ఉండదులే, లెక్క పంపేసి సాయంత్రం వెళ్దాంలే అనుకున్నాను.

సాయంత్రం వెళ్ళాను. అప్పటికే నీ మంచం మీద దుప్పటి మార్చేశారు.

లెక్క మాత్రం భలేగా కుదిరిందోయ్, ఆ ఏడు. ఒక్క చిప్పూ మిగల్లేదు, ఒక్కటీ తక్కువ పడలేదు. అందరూ మెచ్చుకున్నారు కూడా.