కాపలాకి వెంట నడిచినాయన

“మీ తమ్ముడితో వేగలేను వదినా! పెళ్లయ్యాక ఒక్కనాడూ నాతో సందు చివరిదాకా నడవని మనిషి, ఇవాళ ఊరంతా నా వెనకే నడిచారు.”

ఆడపడుచు గుమ్మంలో నిలబడిన ఆవిడ వీపున బియ్యం, పప్పులు కూరిన పెద్ద సంచీ ఉంది. చెమట కారుతున్నా ముఖం వెలిగిపోతోంది.

“ఇంత మూటతో ఇంటి దగ్గర్నుంచీ నడిచొచ్చావా?”

“పందెం మరి. యాత్రలో మోయాల్సినంత బరువిది, ఇది మోస్తూ మీ ఇంటిదాకా నడిస్తే నేనడుగుతున్న కాలినడక యాత్రకి సరేనంటానన్నారు. మధ్యలో ఆటో ఎక్కేస్తానేమోనని కాపలా.”

“వాడన్నదీ నిజమేగా? నడవడానికి విమానమెక్కి ఇంకో ఖండానికి పోవాలా? ఇక్కడ రోడ్లు లేవా?”

“ఎందుకు లేవు? ఇక్కడ ఎటు బయల్దేరినా, వస్తూ వస్తూ కూరలు తెమ్మంటారు. అక్కడ నెల్లాళ్లు కొండలు దాటితే గుడి వస్తుంది. నా బతుక్కి ఒక్క దారైనా దేవుడి దగ్గరికి పోవద్దూ, అన్నీ బజారుకేనా?”

“బాగానే చెప్పావు. మరి కాపలావాడేడీ?”

“కొత్త చెప్పులేసుకుని బయల్దేరారు. వంతెన దగ్గర కుంటడం మొదలెట్టారు. నేను వెనక్కి తిరగలేదు వదినా, మొగుడి పరువు కాపాడాలి కదా!”

ఇంటిముందు ఆటో ఆగింది. చెప్పులు చేత పట్టుకుని, గోడ ఆసరాతో ఆయన మెట్లెక్కాడు.

“ఏరా, ఆటో ఎక్కింది నువ్వా? ఇప్పుడేమంటావు?”

ఆయన భార్య వైపు తిరిగాడు.

“విమానం దాకా మాత్రం కారులో పోదాం, మళ్లీ నీ వెనక నడవడం నా వల్ల కాదు. నువ్వు నడవలేవన్నాను చూడు, అది తప్పే.”