యంత్రం నోట నా గొంతు

తన గొంతు ఇంత తీయగా అబద్ధమాడగలదా, అనుకుంది కాల్ సెంటర్‌లో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఆమె. మేనేజరు కంప్యూటర్‌లోంచి, ఆమె పాత కాల్స్ విని నేర్చుకున్న యంత్రం ఆమె గొంతుతోనే పలుకుతోంది: "మేము ఎవరినీ ఉద్యోగంలోంచి తీసెయ్యలేదండీ."

"ఈ మాట నేనెప్పుడన్నాను సార్?"

"అనక్కర్లేదమ్మా. అన్నట్టు ఈ కాగితం మీద సంతకం పెట్టు, చాలు. రేపట్నించి కస్టమర్లకు వినిపిస్తాం."

"పొద్దున్నే మావాళ్లను పదకొండు మందిని ఇంటికి పంపారుగా!"

"అందుకే జనం అడుగుతున్నారు. నీ గొంతయితే నమ్ముతారు."

"పెట్టకపోతే?"

"పన్నెండోదానివి నువ్వే."

"ఆ పదకొండు మంది ఫోన్ చేసినా ఇదే వినిపిస్తారా?"

"వాళ్ల సంగతి నీకెందుకు? నీ ఉద్యోగం నీకుంటుంది."

"సిగ్గులేదా మీకు?"

"సిగ్గుపడితే జీతమివ్వరమ్మా. ఊఁ, కానియ్."

అతను పెన్ను అందించాడు. ఆమె దానికి మూత పెట్టి, అతని చొక్కా జేబుకే తగిలించింది.