టమోటా బాక్సుతో నడిచిన సంఘం

"తాతా, మీ ఆటల సంఘం యాల మూసేసినారు?"

యాలంటే ఏం సెప్పేదమ్మా. నా నోటి వల్లే. కూసో, ఆ స్టూలు ఇట్ల లాక్కో. ఇప్పుడు దివ్యాంగులని పేపర్లో రాస్తాండారు గానీ, అప్పుడు మమ్మల్ని కుంటోళ్లనే పిలిచేది. పోలియోతో నాకీ కాలు పోయింది గదా, మదనపల్లె టమోటా మండీలో లెక్కలు రాస్తాంటి. మాలాంటోళ్లం పదిమందిమి సేరి, పిల్లోళ్లకు చక్రాల కుర్చీలో పరుగు, గుండు ఇసిరేది నేర్పిచ్చేకి సంఘం పెట్టుకుంటిమి. డబ్బు సూసేది నేనే.

డబ్బు యాడిదంటావా? మండీ సావుకార్లు దినానికొక బాక్సు టమోటా మా పేరుతో పక్కన పెట్టేటోళ్లు. అది వేలంలో పోతే వచ్చిందే మాకు. రేటుంటే పిల్లోళ్లకు గుడ్లూ పాలూ, లేకుంటే ఉత్త నీళ్లే. అయితే కుప్పంలో ఒక రిటైరైన టీచరమ్మ ఉండె. పార్వతమ్మ... కాదు కాదు, పద్మావతమ్మ. రేటున్నా లేకున్నా ఆయమ్మ పింఛనులో నుంచి నెలనెలా ఐదునూర్లు పంపిస్తాండె. దాంతోనే పిల్లోళ్లు ఆడుకునే షెడ్డు బాడిగ కట్టేది.

ఒక ఏడు టమోటాకు రేటొచ్చింది సూడు, అబ్బబ్బా! రైతులు కొత్త బండ్లు కొనిరి. మేమేం తక్కువా? బెంగళూరు నుంచి పరుగు కుర్చీ తెప్పిస్తిమి. ఆ పొగరులో టీచరమ్మకు ఫోన్ సేసి, "మాకింగ సాలమ్మా, ఎవురన్నా లేనోళ్లకు ఇచ్చుకో" అనేస్తి. ఆయమ్మ "సరేప్పా" అనె.

మల్లేడు రేటు పడిపాయ. కాయలు రోడ్డు మీద పారబోసిరి. మాకు బాక్సూ లేదు, బాడిగా లేదు. "టీచరమ్మను అడుగన్నా" అని మావోళ్లు మొత్తుకునిరి. వద్దన్న నోటితో మల్లా ఎట్ల అడిగేది? రేపు రేటొస్తాది, ఎల్లుండొస్తాది అని ఆరు నెలలు తోసేస్తి. షెడ్డాయన బీగమేసి, బాడిగ కింద ఆ కుర్చీ అమ్ముకునె.

దాంట్లో పరిగెత్తేది పుంగనూరు పాప, గంగులమ్మ. కూలోళ్ల బిడ్డ. స్టేట్ పోటీలకు పేరొచ్చి ఉండె. "అన్నా, కుర్చీ యాడ?" అంటే, రిపేరుకు పోయిందమ్మా అని అబద్దం సెప్తి. నమ్మింది. పోటీకి పోయే దినం పొద్దున్నే, నేను కుర్చీ తెస్తానని బస్టాండులో కూసోనుండెనంట, ఒళ్లో సంచి పెట్టుకోని. నేను పోలే. ఏం మొగం పెట్టుకోని పోయేది?

అప్పుడు, అంతా అయినంక, కుప్పం పోతి. టీచరమ్మ పోయి రెండు నెలలంట. ఆయమ్మ సెల్లెలు ఒక కవరు తెచ్చి సేతిలో పెట్టె. "వాళ్లు మల్లా అడుగుతారు, పిల్లోళ్ల సంగతి అని అక్క నెలనెలా ఆ ఐదునూర్లు పక్కన పెడతానే ఉండెనప్పా. మదనపల్లె నుంచి ఫోనొచ్చిందా అని ఆసుపత్రిలో గూడా అడిగె" అనింది.

ఆడనే కూలబడి ఏడిస్తినమ్మా.

గంగులమ్మ ఇప్పుడు జెరాక్స్ అంగట్లో పని సేస్తాది. నేను పోతే టీ తెప్పిస్తాది. కుర్చీ అమ్ముకున్నాడని ఇంగా ఆ షెడ్డాయన్నే తిట్టుకుంటాది. నా సంగతి ఆ పాపకు ఇంతవరకూ సెప్పలే. పోయిన్నప్పుడల్లా సెప్పాలనే పోతా... టీ తాగి వచ్చేస్తా.

సల్లంగుండు తల్లీ. నువ్వన్నా అడగాల్సినప్పుడు అడుగు, సెప్పాల్సినప్పుడు సెప్పు...