మలుపులో మాబు సాహెబ్ బోర్డు

రోడ్ల ఆఫీసు, సాయంత్రం కావస్తోంది. బల్లకు అటు ఇంజనీరు జ్యోతిర్మయి, ఇటు చీమకుర్తి రోడ్డు మలుపులో టీకొట్టు నడిపే జానీబీ.

“మళ్లీ మొదటికొచ్చావమ్మా. మలుపులో పెట్టకూడదన్నానా లేదా?”

“మలుపులోనే కదండీ మా ఆయన నిలబడింది. ఇంకోచోట పెడితే ఎవరికెరుక?”

“చూడమ్మా, రోడ్డుకు సేవ చేసినవాళ్లకి గుర్తింపు బోర్డు ఇస్తాం. మాబు సాహెబ్ గారికీ ఇస్తాం. కానీ తిన్నగా ఉన్న రోడ్డు మీదే. మలుపులో డ్రైవరు పేరు చదువుతూ అటు తిరిగాడనుకో...”

“యా అల్లా! ఆయన పేరు చదివి ఎవరన్నా పోవడమా? వద్దు మేడమ్, వద్దు.”

“అందుకే రూలు. కాస్త అవతల పెట్టిస్తా. సరేనా?”

“అవతలేముందండీ, తుమ్మచెట్లు తప్ప? పోనీ, పేరొద్దులే. స్పీడు బ్రేకరన్నా వేయించండి. గ్రానైటు లారీలు దూసుకొస్తాయి. మిరపకోతల ఆడోళ్లు అక్కడే దాటతారు.”

“అది ఇంకా కష్టం. అక్కడ ప్రమాదాలు జరిగుంటేనే పైవాళ్లు ఒప్పుకుంటారు. రికార్డులో ఒక్కటీ లేదు.”

“ఆయన ఎర్ర తువ్వాలు ఊపుతా నిలబడబట్టే కదమ్మా లేంది!”

“నాకు తెలుసు. కాగితానికి తెలియదుగా! కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పొద్దున్నుంచి అందరికీ ఇదే చెప్పి చెప్పి నోరు పోతోంది.”

“నాకు కాళ్లు పోతున్నాయి. పొద్దుననగా వచ్చినదాన్ని, ఇప్పటిగ్గానీ పిలవలేదు మీరు.”

“మీటింగమ్మా, మీటింగు... అయినా ఆయన పోయి నెల దాటిందన్నావు. ఆ తర్వాతా ఏం జరగలేదుగా? డ్రైవర్లకు అలవాటైపోయుంటుంది.”

“అలవాటా, నా మొహమా! ఆ తువ్వాలు నేను ఊపుతున్నా.”

“నువ్వా?”

“ఇంకెవరు? కూలోళ్లు చేలకు పోయేప్పుడొకసారి, తిరిగొచ్చేప్పుడొకసారి. ఇవాళా వాళ్లను దాటించాకే బస్సెక్కా. ఒక్క మాట అడిగి మధ్యాన్నానికే పోదామనుకున్నా.”

“తిరిగి ఎప్పుడొస్తారు వాళ్లు?”

“ఈపాటికి రోడ్డెక్కుతుంటారు.”

“మరి... మరి ఇప్పుడు తువ్వాలు ఎవరి దగ్గరుంది జానీబీ?”

“ఇదిగో, నా సంచిలో.”